ప్రాణహిత మడుగులో వాలుగ పడాలంటే ఎర ఎక్కడ వేయాలి?

సిరొంచ రేవు:
మాది సిరొంచ. మేడిగడ్డ బరాజ్ 2019లో మొదలయ్యాక మా దగ్గర ప్రాణహిత చెరువులా నిండి ఉండేది. నేను వాలుగ పట్టడం నేర్చుకున్నది ఆ నిలవ నీళ్ళలోనే. ఒడ్డున ఎక్కడ కూర్చున్నా లోతే. 2023 అక్టోబర్‌లో బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగి నీళ్ళు వదిలాక లెక్క మారిపోయింది. హోలీ నాటికే ఇసుక తేలి, నది పాయలు పాయలుగా పారుతోంది.

మూడు ఆదివారాలు పొద్దున 7 నుంచి 11 దాకా నడి మడుగులో వానపాము వేశాను. అన్నీ జెల్లలే. మొన్న ఏదో గట్టిగా పట్టి తెంపుకుపోయింది. తంగూసు కొస పీచు పీచుగా లేచి ఉంది. వాలుగే అంటారా? మా నాన్నకు వాలుగ పులుసంటే ప్రాణం. ఉగాది తెల్లారి ఆయనకు వండి పెట్టాలని ఉంది.

కాళేశ్వరం ఒడ్డు:
తమ్మీ, పీచు లేచిందంటే వాలుగే. దాని పళ్ళు సన్నగా ఆకురాయిలా ఉంటాయి, ఆ రాపిడికే తంగూసు తెగుతుంది. గాలం పైన జానెడు స్టీలు తీగ కట్టు.

నిలవ నీళ్ళ లెక్క ఇక మర్చిపో. నీళ్ళు తేటపడ్డాక అది పగలంతా మడుగు అడుగున పడి ఉంటుంది, వేటకు లేచేది రాత్రే. పాయ వచ్చి మడుగులో కలిసే చోట మోకాలిలోతు నీళ్ళుంటాయి, ఇంకో అడుగు వేస్తే నడుం మునుగుతుంది. ఆ అంచున కాపు కాస్తుంది. పరకలు (చిన్న చేపలు) అటు రాగానే కింది నుంచి అందుకుంటుంది. వెలుతురుండగానే పోయి కర్రతో లోతు చూసుకో. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు, జాగ్రత్త.

ఎరగా వేలెడంత పరకను బతికుండగానే వేయాలి. వీపు రెక్క దగ్గర పైపైన గుచ్చు, వెన్నుకు తగిలితే చస్తుంది. నీళ్ళ మీద టార్చి వేయకు. పట్టగానే గుంజకు, తంగూసు వదులు. నేను మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు గుంజి కొడతాను.

అహేరి గాలం:
పరకలు దొరక్కపోతే కోడి పేగులు వేయండి. నాకు వాటికే ఎక్కువ పడ్డాయి.

చంద్రపూర్ తెలుగబ్బాయి:
పది లెక్కపెడితే గాలం కడుపులోకి పోతుందన్నా. చిన్న చేపైతే వదిలినా బతకదు. నేను ఐదుకే కొడతాను, కొన్ని తప్పిపోయినా సరే.

ఇంకో మాట. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు వాలుగను ఎర్ర జాబితాలో వల్నరబుల్ (అంతరించే ముప్పున్న జాతి) అని పెట్టారు. అది గుడ్లు పెట్టేది తొలి వరదలకే. మిరుగం (మృగశిర కార్తె) నాడు చేప తినడం మన ఆనవాయితీ, నేనూ తింటాను. కానీ ఆ రోజుల్లో కడుపు ఉబ్బిన వాలుగ పడితే దయచేసి వదిలేయండి. చెరువు చేపలా దీని పిల్లల్ని ఎవరూ తెచ్చి పోయరు.

సిరొంచ రేవు:
అందరికీ థాంక్స్. శనివారం సాయంత్రం 5కే పోయి కర్రతో ఆ అంచు వెతికి పెట్టుకున్నాను. 8 దాటాక తంగూసు మెల్లగా పక్కకు జరిగింది. చేతులు వణికాయి, ఏడు దాకానే లెక్కపెట్టగలిగాను. రెండుంపావు కిలోలు! పొలుసు లేని ఒళ్ళు, సబ్బులా జారుతుంటే అరచేతులకు ఇసుక పూసుకుని పట్టుకున్నా. నోరు కళ్ళు దాటి వెనక్కి చీలి ఉంది, మీసాలు నా మణికట్టుకు చుట్టుకున్నాయి. రెండోది అరకిలో కూడా ఉండదు. ఐదుకే కొట్టాను, గాలం పెదవికే ఉంది, వదిలేశాను.

నాన్న పులుసు కలుపుకుంటూ ఏ మడుగని అడిగారు. వచ్చే శనివారం తానూ వస్తారట. కాళేశ్వరం అన్నా, ఎండలు ముదిరి ఆ పాయ ఎండిపోతే చేప ఏ అంచుకు వస్తుంది?