ఒంగోలు ఆవు జన్యు డేటా అందరికీ తెరిచిపెట్టాలా? ఖర్చు ఎవరిది, వాటా ఎవరికి?

కరవది కోడె (చర్చ మొదలుపెట్టినవారు):
ముందు సంగతి చెప్తాను, తర్వాత పోట్లాడుకుందాం.

మూడేళ్ల కింద మా బాబాయి ఇంటికి ఒక పరిశోధన బృందం వచ్చింది. అప్పట్లో ఆయనకు రెండు ఒంగోలు ఆవులు, ఒక జత కోడెలు ఉండేవి. ఆవుకు మెడ పక్కన సూది గుచ్చి, ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి రక్తం తీశారు. చెవి ట్యాగు మీద 12 అంకెలు రాసుకున్నారు. ఒక కాగితం మీద బాబాయి చేత సంతకం పెట్టించుకుని, గొట్టాన్ని ఐసు పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఇప్పటికీ నేను ఊరెళ్తే ఆయన అడుగుతూనే ఉంటాడు, "ఒరే, మన గౌరి రక్తంలో ఏం తేలిందంట?" అని. నా దగ్గర జవాబు లేదు.

2021 ఆగస్టులో హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ తయారుచేసిన ఇండిగౌ చిప్ (ఆవు డీఎన్‌ఏని పరీక్షించే పలక) విడుదలైంది. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు లాంటి దేశీ జాతుల కోసం చేసింది. 2024 అక్టోబర్ 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ విడుదల చేశారు. ఇదంతా మన పన్నుల డబ్బు. దీని కింద పోగైన డేటాని ప్రపంచంలో ఎవరైనా దించుకునేలా పెట్టేయాలని కొందరు సైంటిస్టులు అంటున్నారు. వద్దని నా అభిప్రాయం. ఆవు మాది, పన్ను మాది, లాభం ఇంకెవరిదో. మీరేమంటారు?

ల్యాబ్ కోటు:
నేను పశు జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తెరవాలనే వాళ్లలో నన్నూ వేసుకోండి.

మన చిప్‌లు గాల్లోంచి ఊడిపడలేదు. 2009లో ఒక హెర్‌ఫోర్డ్ ఆవు జన్యుక్రమం పూర్తిగా ప్రచురించారు. 25 దేశాలు, 300 మంది దాకా శాస్త్రవేత్తలు, 5.3 కోట్ల డాలర్లు. దాన్ని తాళం వేసి దాచలేదు. ఆ మ్యాపు మీద నిలబడే మనం మన ఆవుల్ని చదువుతున్నాం. 2012లో మొదలైన వెయ్యి ఆబోతుల జన్యుక్రమ ప్రాజెక్టు పద్ధతి కూడా చందా భోజనం లాంటిదే: నీ పశువుల డేటా పట్టుకొస్తే అందరిదీ నీకు దొరుకుతుంది. 2014లో వాళ్ల మొదటి పెద్ద పేపర్ 234 ఆబోతులతోనే వచ్చింది. ఒక్క దేశం ఒక్కతే కూర్చుని ఆ స్థాయికి రావడం కష్టం.

మనం తిన్నప్పుడు బంతి భోజనం, వడ్డించాల్సి వచ్చేసరికి వంటింటికి తాళమా?

గంగడోలు:
కోటు గారూ, ఆ బంతిలో మనల్ని కూర్చోబెట్టిందెవరు? మన గిత్తల్ని ఓడల్లో బ్రెజిల్‌కి తీసుకెళ్లి, ఆ జాతికి నెలోర్ అని మన జిల్లా పేరే పెట్టుకున్నారు. 2023లో బ్రెజిల్‌లో ఒక్క నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఒంగోలులో ఆవుని నమ్ముకున్నవాడికి దాణా బాకీ తీరట్లేదు. ఇప్పుడు డేటా కూడా పళ్లెంలో పెట్టిద్దామా?

ఉబెరాబా వైపు:
బ్రెజిల్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువాణ్ణి. కోడె గారి పేరు చూసి నవ్వొచ్చింది. ఇక్కడ పశువుల మనుషుల్ని "కరవది" అని అడిగితే ఊరని ఎవరూ చెప్పరు. అదొక ఆబోతు. 1960ల మొదట్లో ఇండియా నుంచి వచ్చింది, నెలోర్ వంశవృక్షాల్లో ఇప్పటికీ దాని పేరు కనబడుతుంది. ప్రకాశం జిల్లాలో ఒక ఊరని నేను చెబితే ఆశ్చర్యపోయారు.

గంగడోలు గారూ, మీ కోపం అర్థమైంది. కానీ వీళ్లు 40 లక్షల డాలర్లు పెట్టింది మన రక్తానికి కాదు, కాగితాలకి. ఉబెరాబాలోని జెబూ (మూపురం పశువుల) పెంపకందారుల సంఘం 1938 నుంచి వంశావళి పుస్తకం నడుపుతోంది. దూడ పుడితే రిజిస్ట్రేషన్‌కి పెంపకందారే ఫీజు కట్టాలి. దూడ బరువు తూచి రాయాలి, తల్లిదండ్రులెవరో రాయాలి. తరాల తరబడి ఈ రాత ఉండబట్టే ఈరోజు డీఎన్‌ఏ చూసి ఏ కోడె మంచిదో చెప్పగలుగుతున్నారు. మన ఒంగోలు డేటా తాళం తీసినా వేసినా వీళ్లకు పెద్ద తేడా ఉండదు. నెలోర్ జన్యుక్రమం 2012లోనే చదివేశారు.

పాలక్యాను:
నాది పల్నాడు. ఆవులు, గేదెలు కలిపి ఆరు. మీరంతా డేటా డేటా అంటున్నారు, అది ఎక్కడ పుడుతుందో చూసినవాళ్లు ఎంతమంది?

ఒక ప్రాజెక్టులో మా ఇంటికి నెలకోసారి పాలు కొలిచే అబ్బాయి వచ్చేవాడు. తెల్లారుజామున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. వేలాడే కాటా, ప్లాస్టిక్ బకెట్. మొదటి నెల కొత్త మనిషి పక్కన నిలబడేసరికి మా ఆవు పాలు చేపలేదు. దూడని వదిలినా, దాణా పెట్టినా చేపలేదు. ముప్పావు లీటరు వచ్చింది, అదే రాసుకున్నాడు. ముందు రోజు రెండున్నర ఇచ్చిందయ్యా అంటే, కాటా మీద ఉన్నదే రాయాలమ్మా అన్నాడు. రెండో నెల నుంచి అలవాటు పడింది. ఐదో నెల దాకా వచ్చాడు. తర్వాత ప్రాజెక్టు అయిపోయిందన్నారు. ఈత (ఈనిన దగ్గర్నుంచి పాలు ఎండేదాకా) మధ్యలో అయిపోయింది! మా ఆవు ఇంకా పాలిస్తూనే ఉంది, పుస్తకంలో మాత్రం ఎండిపోయింది.

ఇలాంటి సగం ఈత లెక్కలు తీసుకుని, తెరవాలా మూయాలా అని మీరు కొట్టుకుంటున్నారు.

ల్యాబ్ కోటు:
పాలక్యాను గారు చెప్పిందానికి నా దగ్గర జవాబు లేదు, నిజం. బయటివాళ్ల కోసం ఒక్క ముక్క: చిప్ అంటే ఆవు డీఎన్‌ఏలో వేల నుంచి లక్షల చోట్ల ఏ అక్షరం ఉందో చూసే పలక. ఆ అక్షరాలకీ పాలకీ లంకె కుదర్చాలంటే వేల ఆవుల పాల లెక్కలు కావాలి. 305 రోజుల ఈతకు పది పదకొండు కొలతలు. ఆ లెక్కలు లేకపోతే చిప్ ఒట్టి పలకే. డీఎన్‌ఏ చదివే ఖర్చు ఏటేటా తగ్గుతోంది. తెల్లారి ఐదింటికి మనిషి రావడానికయ్యే ఖర్చు తగ్గదు. మా గ్రాంట్లు మూడేళ్లకి వస్తాయి. ఆవు పుట్టి, పెయ్య ఎదిగి, ఎదకొచ్చి, చూడి కట్టి, మొదటి ఈత పూర్తయ్యేసరికి ఐదేళ్లు దాటుతుంది.

డాక్టరు, రిటైర్డ్:
ముప్పై ఏళ్లు పల్లెల్లో సూదులు వేసినవాణ్ణి. రెండు మాటలు.

తెరవడం, మూయడం మధ్య ఇంకో దారి ఉంది. 2007 చివర్లో అమెరికాలో 50 వేల మార్కర్ల (డీఎన్‌ఏలో చూసే చోట్ల) చిప్ వచ్చింది. ప్రభుత్వ శాస్త్రవేత్తలు, చిప్ కంపెనీ కలిసి చేశారు. వీర్యం అమ్మే కంపెనీలు డబ్బు పెట్టాయి. అందుకు బదులుగా ఆబోతుల్ని పరీక్ష చేయించే హక్కు కొన్నేళ్లు వాళ్లకే ఉంచారు. 2013లో ఆ గడువు తీరింది, తలుపు అందరికీ తెరుచుకుంది. అదే ఏడాది లెక్కలు కట్టే పని వ్యవసాయ శాఖ నుంచి పాడి సంస్థల ఉమ్మడి కౌన్సిల్‌కి మారడం మొదలైంది. ఇప్పుడు జన్యు పరీక్షలకు ఫీజు తీసుకుంటారు, పాల రికార్డులు ఇచ్చే మందలకు తక్కువ పడుతుంది. రికార్డు ఇచ్చిన రైతుకు విలువ కట్టడమంటే అదీ.

అది ఇక్కడ అలాగే దింపితే నడవదు. అక్కడ ఒక్కో మందలో వందలూ వేలూ ఉంటాయి, మన పాలక్యానమ్మకు ఆరు. ఆవిడ దగ్గర ఫీజు వసూలు చేయడమేంటి, ఆవిడకే మనం ఇవ్వాలి. నా లెక్కలో పరిశోధన డబ్బులో సగం కొలత మనిషికీ రైతుకీ పోవాలి, మిగతాది ల్యాబ్‌కి. ల్యాబ్ వాళ్లకు నా మీద కోపం రావచ్చు.

బండలాగుడు బ్యాచ్:
అందరూ పాలు పాలు అంటున్నారు. ఒంగోలు ఆవు ఈతకు సగటున 800 కిలోలు ఇస్తుంది, ఆ పాల కోసం దాన్ని మేపేవాడు వెర్రివాడు. మా వైపు ఈ జాతి బతికుందంటే బండలాగుడు పందేల వల్ల. జత లక్షల్లో పలుకుతుంది. కాలి గిట్ట, నడక, మూపురం, రొప్పకుండా ఎంత దూరం లాగుతుంది, ఇవన్నీ చూసి కొంటాం. వీటికి మీ చిప్‌లో గడి ఉందా?

డాక్టరు, రిటైర్డ్:
లేదు తమ్ముడూ. కొలిచిందే గడిలోకి వస్తుంది. బ్రెజిల్‌లో మాంసం కొలిచారు, సర్కారు పాలు కొలుస్తోంది, మీ పందెంలో దూరం, టైము కొలుస్తారు. ఆ పందెం పుస్తకాలు ఎక్కడైనా దాచారా?

బండలాగుడు బ్యాచ్:
కమిటీ వాళ్ల నోట్‌బుక్కుల్లో ఉంటాయి. వచ్చే ఏడు కొత్త నోట్‌బుక్కు.

అమ్రాబాద్ తూర్పు:
నాగర్‌కర్నూల్ నుంచి. మా పొడ తూర్పు జాతిని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో గుర్తించింది, సంతోషం. ఒంగోలు అయితే లోకమంతా తెలిసిన జాతి, మీరు తాళం గురించి బేరమాడొచ్చు. నల్లమల అంచున రాళ్లలో తిరిగే మా మచ్చల ఎద్దు కోసం ఏ కంపెనీ క్యూ కట్టదు. మాలాంటి చిన్న జాతులకి డేటా మూయడమంటే మర్చిపోవడమే. తెరిచిపెడితే ఎక్కడో ఒక కుర్రాడు చూసి పేపర్ రాస్తాడు, దాన్ని చూపించి ఇంకో గ్రాంటు అడగొచ్చు.

గంగడోలు:
మరి వాటా? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీ సంస్థ మన జీవవనరు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి కావాలి. వీర్యం స్ట్రా పట్టుకుపోతుంటే ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు. నెట్‌లో పెట్టిన అక్షరాల్ని ఎవరు ఆపుతారు?

అమ్రాబాద్ తూర్పు:
అందుకే కదన్నా కాలి ఫండ్ వచ్చింది. జన్యుక్రమాల డేటా వాడి లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతమో, అమ్మకాల్లో 0.1 శాతమో వేయాలని 2024లో కొలంబియాలోని కాలి నగరంలో దేశాలు అనుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఫండ్ మొదలైంది. కనీసం సగం ఆదివాసులకు, స్థానికులకు అన్నారు. వేయకపోతే శిక్ష లేదు, అది వేరే సంగతి.

గంగడోలు:
హుండీ పెట్టారు, వేసేవాడి ఇష్టం. బాగుంది.

నిర్వాహకులు:
వ్యక్తిగత విమర్శలున్న రెండు కామెంట్లు తీసేశాం. ఆవుల మీద ఎంతైనా తిట్టుకోండి, మనుషుల మీద వద్దు.

కరవది కోడె:
నిన్న బాబాయికి ఫోన్ చేసి మీ అందరి మాటలూ చెప్పాను. బ్రెజిల్ ఆబోతు పేరు విని పది నిమిషాలు నవ్వాడు. వాటా ఇస్తే తీసుకుంటావా అని అడిగాను. "వాటా ఎందుకురా, దాని కడుపున పుట్టిన పెయ్య పాలకి పనికొస్తుందో లేదో చెప్పమను, మేపాలో అమ్మాలో తేల్చుకుంటా" అన్నాడు.

నేను మొదట్లో వద్దన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. డేటా తెరిచారా మూశారా అన్నది ఆయనకు పట్టలేదు, తిరిగొచ్చి చెప్పలేదన్నదే ఆయన బాధ. ఇంకో సంగతి, గౌరిని పోయిన సంక్రాంతికే అమ్మేశాడట. నాకు నిన్ననే చెప్పాడు. 12 అంకెల నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది.

పాలక్యాను:
అయ్యో. పెయ్య ఉందా మరి?

కరవది కోడె:
ఉందండి. ఏడో నెల చూడి.

డాక్టరు, రిటైర్డ్:
అయితే ఈనాక జున్నుపాల రోజులు వదిలేసి, నెలకోసారి ఒకే తేదీన రెండు పూటలా పాలు కాటా వేసి రాయమనండి. దూడ తాగింది వేరేగా రాయాలి. పది నెలలు, ఒక్క నెల కూడా మానకూడదు. కాటా లేకపోతే నా దగ్గర పాతది ఉంది, పంపిస్తాను.

కరవది కోడె:
రాస్తాడు సార్, ఆయనకు పట్టుదల ఎక్కువ. రాసింది ఎవరికివ్వాలి?