పెద్దమ్మ రంగుల పెట్టె: వాడనా, దాచనా?

దారం_సూది అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నేను చేతితో పుస్తకాలు కుడతాను. కాగితాలు మడిచి, మడత మీద ఎముక బద్దతో రుద్ది, ఆరెతో బెజ్జాలు వేసి, మైనం పట్టించిన దారంతో కుట్టడం పన్నెండేళ్లుగా నాకు అలవాటు. మైనం పట్టిన దారం కాగితంలోంచి వస్తుంటే సన్నగా గీరినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినబడకపోతే మైనం చాలలేదని అర్థం. ఆ పని వల్లే పాత పనిముట్ల మీద మనసు పడింది. అయితే ఈసారి సందేహం పుస్తకాల గురించి కాదు, రంగుల గురించి.

పోయిన ఏడాది మా పెద్దమ్మ కాలం చేసింది. ఆమె రంగుల పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఆమెకు దాన్ని చిన్నప్పుడు బొమ్మలు నేర్పిన మాస్టారు ఇచ్చారు. అప్పటికే అది ఆయన వాడిన పెట్టె. నల్ల పూత పూసిన రేకు పెట్టె, లోపల తెల్లటి ఎనామిల్. అడుగున బొటనవేలు దూర్చి పట్టుకోవడానికి చిన్న వలయం ఉంది. మూత తెరిస్తే అదే రంగులు కలుపుకునే పలక. రెండు వరుసల్లో పన్నెండు బిళ్ళలు, ఒక్కొక్కటి చిన్న పింగాణీ గిన్నెలో. మూత లోపలి వైపు వాటి పేర్లతో ఒక చీటీ అంటించి ఉంది, చాలావరకు చదవగలుగుతున్నాను.

ఆ బిళ్ళల్ని ఎంతసేపు చూసినా నాకు తనివి తీరడం లేదు. ప్రష్యన్ బ్లూ బిళ్ళకు నడిమధ్య లోతైన గుంట. గుంటకు కుడివైపు గోడ పూర్తిగా అరిగింది, ఎడమవైపు అలాగే నిలువుగా ఉంది. పెద్దమ్మ ఎడమచేతి వాటం మనిషి. కుంచెను ఎటు నుంచి ఎటు లాగేదో ఆ గుంట చెబుతోంది. గాంబోజ్ అనే పసుపు బిళ్ళ దాదాపు అయిపోయింది, గిన్నె అడుగున పింగాణీ తెల్లగా కనబడుతోంది. ఎమరాల్డ్ గ్రీన్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, దాని కాగితపు పట్టీ కూడా చిరగలేదు.

ఇంకొక విషయం నాకు అంతు పట్టడం లేదు. పెద్దమ్మ మొక్కల బొమ్మలే వేసేది. మా ఇంట్లో నాలుగు ఉన్నాయి. నాలుగింటిలోనూ ఆకులు నీలంగానే ఉంటాయి. అది ఆమె పద్ధతి అనుకుంటూ పెరిగాను. మరి పసుపు బిళ్ళ అంతగా ఎందుకు అరిగింది? ఆ బొమ్మల్లో ఎక్కడా పసుపు లేదు.

పెట్టెతో పాటు ఒక రేకు డబ్బా నిండా ఉక్కు పాళీలు కూడా ఉన్నాయి. కొన్నింటికి తుప్పు పట్టింది.

అడగదలచుకున్నది ఇదే: ఈ రంగులతో నేను బొమ్మలు వేయవచ్చా? వేస్తే ఆ గుంటలు చెరిగిపోతాయని దిగులు. వేయకపోతే పెద్దమ్మ రోజూ ముట్టుకున్న వస్తువును బీరువాలో పెట్టి తాళం వేసినట్టు అవుతుంది. దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

---

కుంచెపని:

ముందు ఆకుపచ్చ సంగతి. దయచేసి ఆ పట్టీ విప్పకండి. పాత ఎమరాల్డ్ గ్రీన్ అంటే రాగి, ఆర్సెనిక్ కలిసిన రంగు. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే ఆర్సెనిక్‌తో ఒక ఆకుపచ్చ తయారు చేశాడు. అంతకంటే మెరుపున్న ఎమరాల్డ్ గ్రీన్ 1814లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో పుట్టింది. గోడ కాగితాలకూ, గుడ్డపూలకూ దాన్నే వేశారు. అదే పదార్థాన్ని పారిస్ గ్రీన్ పేరుతో పురుగుల మందుగా పొలాల్లో చల్లారు. ఇప్పుడు అదే పేరుతో దొరికే రంగులు వేరు, వాటిలో ఆర్సెనిక్ ఉండదు. మీ పెట్టెలో ఉన్నది పాతదే అనుకుని నడుచుకోవాలి. చిన్న గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, పైన ఏమిటో స్పష్టంగా రాసి, పిల్లలకు అందని చోట ఉంచండి. పారేయకండి. ముట్టుకోని బిళ్ళ, పట్టీతో సహా మిగలడం సేకరించేవారికి అరుదైన సంగతి.

చీటీలో వెర్మిలియన్ ఉందేమో చూడండి. అది మన ఇంగిలీకం, పాదరసం గంధకంతో కలిసిన ఎర్ర రంగు. నీళ్లలో కరగదు కాబట్టి కుంచెతో వేయడం వల్ల వచ్చే ముప్పు తక్కువ. గీకి పొడి చేయడం, వేడి చేయడం మాత్రం ఎన్నడూ వద్దు. చైనీస్ వైట్ ఉంటే భయపడనవసరం లేదు, అది జింక్ ఆక్సైడ్. 1834లో లండన్‌లో విన్సర్ అండ్ న్యూటన్ వారు నీటిరంగుగా అమ్మకానికి తెచ్చారు. ఏ పాత రంగైనా సరే, కుంచె మొనను పెదవులతో సరిచేసే అలవాటు ఉంటే మానుకోండి. ఆ నీళ్ల గ్లాసును వేరే దేనికీ వాడకండి.

ఇక వాడటం. నీటిరంగు బిళ్ళ అంటే రంగు పొడి, తుమ్మజాతి చెట్ల జిగురు. జిగురు ఎన్నేళ్లు ఎండినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. అందుకే పాత నూనెరంగు గొట్టం రాయి అయిపోతే ఇక దానితో పని లేదు కానీ, నీటిరంగు బిళ్ళ తిరిగి లేస్తుంది. పింగాణీ గిన్నెలో ఉన్నాయంటే మీవి గ్లిజరిన్ కలిపిన మెత్తటి రకం అయి ఉంటాయి. ఇలాంటివి 1830ల నుంచి వస్తున్నాయి. అంతకుముందు రంగు బిళ్ళను రాయిలా గట్టిగా అచ్చు పోసేవారు, సాన మీద గంధం తీసినట్టు గిన్నెలో నీళ్లు వేసి రుద్దుకోవలసి వచ్చేది.

గుంటలో ఒక్క చుక్క నీళ్లు వేసి పది నిమిషాలు వదిలేయండి. తొందరపడి కుంచెతో పొడవకండి. ఎండిన బిళ్ళ పగుళ్లలోకి నీళ్లు మెల్లగా దిగాలి. లేదంటే పెచ్చులుగా లేచి గిన్నెలోంచి ఊడిపోతుంది. నేను అలా సియెన్నా అనే గోధుమ రంగు మట్టి రంగు బిళ్ళ, మంచిది, ఒకదాన్ని పాడు చేసుకున్నాను, ఇప్పటికీ బాధే. బూజు వాసన వస్తే పైపొరను తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

గుంట చెరిగిపోతుందన్న మీ దిగులు నాకు బాగా అర్థమవుతుంది. నేనైతే ఇలా చేస్తాను. ముందు పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ప్రతి బిళ్ళనూ ఫోటో తీస్తాను. తర్వాత ప్రతి రంగుతో ఒక్క అట్ట మీద ఒక్క పూత వేస్తాను. ఒక్క పూతకు గుంట మారదు. ఆ అట్టలో సగాన్ని మందపాటి కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో నెల పైచిలుకు ఉంచండి. క్రిమ్సన్ లేక్ అనే ముదురు ఎరుపు లాంటి రంగులు పురుగుల నుంచి, వేర్ల నుంచి తీసినవి. వాటిలో కొన్ని వెలుతురుకు అసలు ఓర్వవు. అలాంటి రంగుతో శ్రద్ధగా బొమ్మ వేసి గోడకు తగిలిస్తే మన శ్రమ మన కళ్ల ముందే పాలిపోతుంది. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలిశాక వాడాలో వద్దో మీకే తోస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, ఒకరి చేతిలో అరిగిన రంగును మరొకరు వాడితే తప్పు లేదు. మాస్టారి గుంట మీదే కదా మీ పెద్దమ్మ గుంట పడింది!

---

ఉక్కుపాళీ:

పాళీల సంగతి నేను చెబుతాను. రంగుల గురించి పైన చెప్పినదానికి కలపవలసింది లేదు.

డబ్బాను ఒక తెల్ల కాగితం మీద బోర్లించి, భూతద్దంతో ఒక్కొక్క పాళీ మొన చూడండి. తుప్పు పాళీ వీపు మీద ఉంటే ఫరవాలేదు, కాస్త నూనె అద్ది మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. చీలిక దగ్గర గానీ మొన దగ్గర గానీ తుప్పు తిని గుంటలు పడి ఉంటే ఆ పాళీ కాగితాన్ని చింపుతుంది. దాన్ని పక్కన పెట్టండి. వాడని పాళీలు నీలంగానో ఇత్తడి రంగులోనో మెరుస్తుంటే, తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో వేసిన పూత వాటి మీద ఇంకా ఉండవచ్చు. దాన్ని తుడవకపోతే సిరా పాళీకి పట్టదు, చుక్కలుగా జారిపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి వెంటనే తుడిచేయండి.

పాళీల వీపు మీద చెక్కిన అక్షరాలు చదవండి. 19వ శతాబ్దంలో ఉక్కు పాళీల తయారీకి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పెట్టింది పేరు. బద్దను కత్తిరించడం, బెజ్జం వేయడం, వంచడం, చీల్చడం ఒక్కొక్కటీ వేరు వేరు చేతుల మీదుగా జరిగేది. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఒక్క పాళీని వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు నాకు ఆ చేతులన్నీ గుర్తుకొస్తాయి.

మాచికాయ, అన్నభేది కలిపి చేసిన సిరా వాడితే మాత్రం పని కాగానే పాళీ కడగండి. ఆ సిరా ఉక్కును తినేస్తుంది.

---

చట్రాల_మేడ:

బొమ్మలకు చట్రాలు కట్టడం నా వృత్తి. మీరు మధ్యలో అడిగి వదిలేసిన ప్రశ్నకే నా జవాబు. ఆ నాలుగు బొమ్మల్లో ఒకదాన్ని చట్రంలోంచి జాగ్రత్తగా బయటికి తీయండి. బొమ్మ చుట్టూ ఉన్న అట్ట అంచు కింద, ఎప్పుడూ వెలుతురు తగలని చోట, ఆకు ఏ రంగులో ఉందో చూడండి.

గాంబోజ్ అనేది ఒక చెట్టు పాలు గడ్డకట్టి వచ్చే బంక. పాత మొక్కల బొమ్మల్లో ఆకుపచ్చ కోసం దాన్ని ప్రష్యన్ బ్లూతో కలపడం మామూలు. హుకర్స్ గ్రీన్ అనే రంగు మొదట ఆ మిశ్రమమే. మొక్కల చిత్రకారుడు విలియం హుకర్ పేరు మీద వచ్చింది. ఆయన 1779లో పుట్టి 1832లో పోయాడు. ఆ పసుపు పలుచగా వేస్తే వెలుతురుకు నిలవదు.

---

దారం_సూది:

ఆరు వారాలు పట్టింది, ఆలస్యానికి క్షమించండి.

కుంచెపని గారు చెప్పినట్టే చేశాను. పదకొండు రంగులకు పదకొండు చిన్న అట్టలు కోసి, ఒక్కో పూత వేసి, సగం కప్పి కిటికీలో పెట్టాను. ఆకుపచ్చ బిళ్ళను పట్టీతో సహా సీసాలో పెట్టి మూత బిగించాను. ప్రష్యన్ బ్లూ మీద చుక్క వేసి ఎదురుచూస్తుంటే, గుంట అంచు మెల్లగా మెరిసి, నల్లగా ఉన్న బిళ్ళలోంచి ముదురు నీలం నీళ్లలోకి దారంలా దిగింది. పెద్దమ్మ ఆఖరుసారి ముట్టుకున్న తర్వాత అది తడవడం అదే మొదటిసారి.

నిన్న అట్టలు తీసి చూశాను. వెర్మిలియన్, సియెన్నా చెక్కుచెదరలేదు. క్రిమ్సన్ ఎండ తగిలిన సగంలో కడిగిన గులాబీ రేకులా అయింది. గాంబోజ్ కప్పిన సగంలో తేనె రంగు, మిగతా సగంలో దాదాపు తెల్ల కాగితం.

తర్వాత బొమ్మ తీశాను. వెనకనున్న మేకులు ఒక్కొక్కటే పీకి, అట్ట పైకి ఎత్తాను. కుడి అంచున అట్ట కింద దాగిన ఆకు చివర, చిటికెన వేలి వెడల్పున, పచ్చగా ఉంది. లేత ఆకు పచ్చ. దాని పక్కనే గీత గీసినట్టు నీలం మొదలవుతోంది.

నలభై ఏళ్లు ఆ బొమ్మల కింద కూర్చుని చదువుకున్నాను. పెద్దమ్మ నీలం ఆకులు ఎన్నడూ వేయలేదు.

ఆ పదకొండు అట్టలనూ ఒక చిన్న పుస్తకంగా కుట్టాను. పన్నెండో పేజీ ఖాళీగా వదిలి, ఎందుకు వదిలానో కింద రాశాను. పెట్టె వాడతాను. నిలిచే రంగులు గోడకు తగిలించే బొమ్మలకు. నిలవనివి మూసి ఉంచే పుస్తకాల లోపలి పేజీలకు, అక్కడ వెలుతురు తగలదు. గాంబోజ్‌లో మిగిలినది ఒక్క ఆకుకు సరిపోతుంది. దాన్ని ఆ ఖాళీ పేజీకి ఎదురుగా, నీలంతో కలిపి వేస్తాను.

చట్రాల_మేడ గారూ, బొమ్మను తిరిగి బిగించేటప్పుడు ఆ పచ్చటి అంచు కనబడేలా అట్టను కాస్త వెనక్కి జరపవచ్చా? జరిపితే అది కూడా పాలిపోతుందా?

---

చట్రాల_మేడ:

పాలిపోతుంది. జరపకండి. ఆ అంచును ఇప్పుడే మంచి వెలుతురులో ఫోటో తీసి, బొమ్మ వెనక అట్టకు అంటించండి. అట్టను ఉన్నచోటే బిగించి, బొమ్మను కిటికీకి ఎదురుగా ఉన్న గోడ నుంచి తీసి నీడ గోడకు మార్చండి. మిగతా మూడూ కూడా.