పాత ఒమేగా బంగారు వాచీ: డయల్ ఒరిజినలేనా?

కలెక్టర్లకు అమ్మాలని పెట్టిన వాచీ ఇది. కీ ఇచ్చే రకం, లోపలి యంత్రం మోడల్ (క్యాలిబర్) 267. సీరియల్ నంబరు 15 మిలియన్ల పైన, అంటే 1956 ప్రాంతానిది. వెనక మూత లోపల 0.750 (అంటే 18 క్యారెట్లు), హెల్వీషియా తల ముద్ర (స్విస్ బంగారు హాల్‌మార్క్) ఉన్నాయి. గీటురాయి మీదా 18 క్యారెట్లే తేలింది, బంగారంతో పేచీ లేదు.

అనుమానమంతా డయల్ మీదే. చిన్న సెకన్ల వలయంలో గీతలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. కింద ‘స్విస్ మేడ్’ అసలు లేదు. లూప్‌తో (భూతద్దంతో) చూస్తే అక్షరాల అంచులు అలికినట్టున్నాయి. అదే కాలం వాచీల ఫొటోలతో పోల్చినా తేలలేదు. రిపేరర్ ఒరిజినలే అంటాడు (డయల్ విప్పకుండానే!). కొనడానికొచ్చినాయన రీపెయింట్ అని ధర సగానికి దించాడు.

డయల్ విప్పిస్తే, మళ్లీ రంగు వేశారని ఖాయంగా చెప్పే గుర్తు ఎక్కడ చూడాలి?