మొదటి షేవింగ్ బ్రష్: నేరుగా బ్యాడ్జర్‌కి వెళ్ళాలా, సింథటిక్ చాలా?

తడిగడ్డం:
స్ప్రే డబ్బా నురగ మానేసి సబ్బుకి మారుతున్నాను. గట్టి సబ్బు బిళ్ళ ఇప్పటికే ఉంది, బ్రష్ లేదు. బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసినదా, కృత్రిమ నారతో చేసిన సింథటిక్‌దా అన్నది తేలడం లేదు. ఒకాయన "ఒక్కసారే మంచి బ్యాడ్జర్ కొనేయ్, ఏళ్ళ తరబడి మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అన్నారు. ఇంకొకాయన "బ్యాడ్జర్ అంతా పేరుకే, సింథటిక్ తీసుకో" అంటున్నారు. నా చర్మం సున్నితం, మెడ దగ్గర తొందరగా ఎర్రబడుతుంది. ప్రయాణాలు ఎక్కువ. మరీ చవకది వద్దు గానీ, ఖరీదైనవాటి జోలికి వెళ్ళలేను. ఏదైనా సరే, కారణంతో చెప్పండి.

పాతరేజర్:
బ్యాడ్జరే. గట్టి సబ్బుకి కావలసింది నీళ్ళు. బ్యాడ్జర్ కుచ్చు నీళ్ళని పట్టి ఉంచి, సబ్బు మీద తిప్పుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. వేడినీళ్ళలో ముంచి తీస్తే ఆ వెచ్చదనం రెండో విడత నురగ పూసుకునేదాకా ఉంటుంది. వెంట్రుక నిర్మాణమూ చూడండి: మధ్యలో నల్లపట్టీ, అక్కడ మందం, కొసకి వచ్చేసరికి సన్నబడిపోతుంది. అందుకే కుచ్చు నిలబడుతుంది, మొహానికి మాత్రం మెత్తగా తగులుతుంది. మీది సున్నితమైన చర్మం కాబట్టి బ్యాడ్జర్‌లో మేలు తరగతులైన సూపర్ గానీ సిల్వర్‌టిప్ గానీ తీసుకోండి. ప్యూర్ రకం మాత్రం వద్దు, పొడుచుకుంటుంది.

నురగగిన్నె:
పాతరేజర్ గారూ, మీరు చివర్లో అన్నమాటే ఆయన సమస్య. ఆయన చెప్పిన బడ్జెట్‌లో దొరికే బ్యాడ్జర్ చాలావరకు ప్యూర్ రకమే. ముదురు రంగు, ముతక కొసలు. ఎర్రబడే మెడ మీద దాన్ని రోజూ తిప్పమని ఎలా చెప్తాం? అదే డబ్బుకి సింథటిక్‌లో మంచి రకమే వస్తుంది, దాని కొసలు ఆ ప్యూర్ కంటే ఎంతో మెత్తన.

ఇంకోటి. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అనే ఈ తరగతులకి అందరికీ వర్తించే ప్రమాణం లేదు. ఏ తయారీదారు లెక్క ఆ తయారీదారుది. ఒకరి బెస్ట్ ఇంకొకరి సూపర్‌ని మించి ఉండొచ్చు. మొదటిసారి కొనేవాళ్ళు ఆ పేరు చూసి డబ్బు పెడతారు, చేతికి వచ్చేది వేరు. దీన్ని ఎవరూ ముందుగా చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

పాతరేజర్:
తరగతుల గందరగోళం ఉంది, ఒప్పుకుంటాను. కానీ సింథటిక్ నీళ్ళని పట్టుకోదు. సబ్బు మీద పెట్టగానే నీళ్ళన్నీ ఒక్కసారే వదిలేస్తుంది, నురగ పల్చనైపోతుంది. పైగా స్ప్రింగులా ఎగురుతుంది, సబ్బు తుంపర్లు అద్దం మీద పడతాయి.

నురగగిన్నె:
పాత నైలాన్ బ్రష్‌ల విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. 1938లో టూత్‌బ్రష్ కుచ్చుగా నైలాన్ మార్కెట్లోకి వచ్చింది, ఆ తర్వాత చాలాకాలం షేవింగ్ బ్రష్‌లలోనూ అలాంటి బిరుసు నారే వాడారు. ఇప్పటివాటిలో ఎక్కువగా వాడేది పీబీటీ అనే పాలియెస్టర్ నార, కొసలు సన్నగా సాగదీసినట్టు ఉంటాయి. బ్యాడ్జర్‌కి పేరుపడ్డ సింప్సన్స్ 1919 నుంచి ఉన్న కంపెనీ. వాళ్ళే ట్రఫాల్గర్ పేరుతో సింథటిక్ చేస్తున్నారు.

నీళ్ళ సంగతికి వస్తే, వాడే పద్ధతి మార్చాలి. సింథటిక్‌ని తడిపి, పిండినట్టు గట్టిగా విదిలించి, దాదాపు తడి ఆరిన కుచ్చుతో సబ్బు ఎక్కించుకోవాలి. కొసలకి జిగురుగా, తెల్లటి ముద్దలా సబ్బు పట్టాక, అప్పుడు వేలితో నాలుగు చుక్కలు చిలకరించి తిప్పాలి. మళ్ళీ నాలుగు చుక్కలు. నురగ మెరుపు తేలి, బుడగలు కంటికి కనపడనంత చిన్నవయ్యేదాకా అంతే. సబ్బు కూడా తక్కువే పడుతుంది, ఎందుకంటే కుచ్చు లోపల అంతగా ఇరుక్కోదు.

కుచ్చుచూపు:
ఇద్దరూ పంది వెంట్రుకల బ్రష్ ఊసే ఎత్తలేదు. ఇటలీ, పోర్చుగల్‌లో తరాలుగా వాడుతున్నది అదే. ఇటలీలోని బొలోన్యాలో ఒమేగా కంపెనీ 1931 నుంచి చేస్తోంది, పోర్చుగల్ నుంచి సెమోగ్ కంపెనీ ఉంది. సహజ వెంట్రుకల్లో ఇదే చవక, గట్టి సబ్బు బిళ్ళని గీకి తీయడంలో దీని బిరుసుకి సాటి లేదు.

అయితే ఓపిక కావాలి. వాడేముందు మూడు నాలుగు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, ఎందుకంటే ఈ వెంట్రుక నీళ్ళని తనలోకి పీల్చుకుంటుంది. కొత్తలో వాసన వస్తుంది, అక్కడక్కడా వెంట్రుకలు రాలతాయి, చేసిన నురగ సగం కుచ్చే మింగేస్తుంది. వారాలు గడిచేకొద్దీ ఒక్కో వెంట్రుక కొస రెండుగా, మూడుగా చీలుతుంది. ఒకటి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, చీలిక స్పష్టంగా కనిపిస్తుంది. అక్కణ్ణుంచి మొహం మీద వేరే బ్రష్ అనిపిస్తుంది: కొస మెత్తన, వెన్ను గట్టి. చాలామంది ఆ దశ రాకముందే పక్కన పడేసి, పంది బ్రష్ గరుకని తీర్మానిస్తారు.

తడిగడ్డం:
ఎర్రబడే మెడకి ఆ మొదటి వారాలు గడిచేదెలా?

కుచ్చుచూపు:
మొహానికి పెట్టకుండా అరచేతిలో రోజుకోసారి నురగ చేసి, కడిగి ఆరబెట్టండి. కొసలు అలా కూడా చీలుతాయి. కానీ మీ ప్రయాణాలే దీనికి అసలు అడ్డు. ఇది నెమ్మదిగా ఆరుతుంది. తడిగా డబ్బాలో మూసి పెడితే ముక్కిపోతుంది.

గడపదాటి:
ప్రయాణాల మాట వచ్చింది కాబట్టి: సింథటిక్ నీళ్ళు పీల్చదు, గట్టిగా విదిలించి తువ్వాలుకి అద్దితే కాసేపట్లో ఆరిపోతుంది. నాకైతే ఈ ఒక్క కారణం చాలు.

నురగగిన్నె:
జంతువుల విషయం కూడా దాటేయకూడదు. బ్యాడ్జర్ వెంట్రుక ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. అక్కడ ఆ జంతువుల్ని పట్టి, పెంచి, చంపే తీరు మీద 2018లో జంతు హక్కుల సంస్థ పెటా ఆసియా పరిశోధన బయటపెట్టాక కొన్ని కంపెనీలు బ్యాడ్జర్ అమ్మకం ఆపేశాయి. బ్రిటన్‌లోనేమో బ్యాడ్జర్లకి 1992 నాటి రక్షణ చట్టం ఉంది. ఇది తెలిశాక బ్యాడ్జర్ కొనడానికి నాకు మనసు ఒప్పదు.

పాతరేజర్:
మీ అభ్యంతరాన్ని గౌరవిస్తాను. ఉన్న బ్యాడ్జర్ బ్రష్‌లు పారేయమని మాత్రం ఎవరూ అనకండి, సరిగ్గా చూసుకుంటే అవి దశాబ్దం పైనే వస్తాయి.

గడపదాటి:
గుర్రపు వెంట్రుక బ్రష్‌లూ ఉన్నాయి. తోక, జూలు కత్తిరించి తీయొచ్చు కాబట్టి జంతువుని చంపనక్కర్లేదు. ఒక పాత సంగతి: మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వెంట్రుకల సరఫరా మార్గాలు తెగిపోయి, సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకతో నకిలీ బ్యాడ్జర్ బ్రష్‌లు తయారయ్యాయి. వాటివల్ల అమెరికా, బ్రిటన్‌లలో షేవింగ్ చేసుకున్నవాళ్ళకి ఆంత్రాక్స్ అనే ప్రమాదకరమైన అంటువ్యాధి పశువుల వెంట్రుక నుంచి సోకింది. ఆ భయంతోనే 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది.

కుచ్చుచూపు:
వెంట్రుక ఏదన్నది ఒక్కటే తేల్చుకుంటే బ్రష్ ఎంచుకున్నట్టు కాదు. తడిగడ్డం గారూ, నురగ మొహం మీద చేసుకుంటారా, గిన్నెలోనా? నా దృష్టిలో మొదటి ప్రశ్న ఇదే. దీన్ని వదిలేసి బ్యాడ్జరా, సింథటిక్కా అని ఎంత వాదించినా మీకు ఒరిగేదేమీ లేదు.

మొహం మీదైతే కుచ్చు పొట్టిగా, నిటారుగా ఉండాలి. వ్యాసం 22 నుంచి 24 మిల్లీమీటర్లు, పిడి నుంచి కొస దాకా ఎత్తు 50 దగ్గర. ఎత్తు పెరిగితే కుచ్చు మెత్తగా వాలిపోతుంది, గిన్నెలో తిప్పడానికి అది బాగుంటుంది, సబ్బు బిళ్ళ మీద మాత్రం జారిపోతుంది. 28, 30 వ్యాసం ఉన్నవి చూడ్డానికి దర్జాగా ఉంటాయి కానీ ముక్కు కింద పూసుకునేటప్పుడు నురగ ముక్కులోకి వెళ్తుంది, సబ్బూ ఎక్కువ తింటాయి. ఒకే వ్యాసం ఉన్న రెండింటిలో ఒకటి ఒత్తుగా, ఒకటి పల్చగా ఉండొచ్చు. మరీ ఒత్తైనదాని నడుమ సబ్బు ఇరుక్కుని కడిగినా ఓ పట్టాన పోదు.

డబ్బు కుచ్చు మీద పెట్టండి, పిడి మీద కాదు. కొమ్మునీ దంతాన్నీ తలపించే పిడికి ఇచ్చే అదనపు సొమ్ము మొహానికి తగలదు. చేయి సబ్బుతో తడిసినా జారకుండా, నడుము సన్నబడి వేళ్ళకి ఆనే మామూలు రెజిన్ పిడి చాలు. చెక్క పిడి పూత సరిగా లేకపోతే తడికి పగులుతుంది.

తడిగడ్డం:
మొహం మీదే చేసుకుందామనుకుంటున్నాను, ప్రయాణాల్లో గిన్నె మోయలేను. అయితే 24 సింథటిక్, ఎత్తు 50 లోపు?

నురగగిన్నె:
అదే. పీబీటీ కొసలు సన్నగా ఉన్నవి చూసుకోండి.

పాతరేజర్:
ప్రయాణాలకి సింథటిక్ సరే, కాదనను. ఇంట్లో ఉన్న రోజుల కోసం తర్వాతైనా ఒక మంచి బ్యాడ్జర్ పట్టుకుని చూడండి. ఆ వెచ్చదనం విషయంలో నా మాట మార్చుకోను.

కుచ్చుచూపు:
ఏది కొన్నా సరే, మరిగే నీళ్ళు పోయకండి. కుచ్చుని పిడిలో పట్టి ఉంచే జిగురు మెత్తబడి, కుచ్చు మొత్తం ఊడి వస్తుంది. మొహానికి అదిమి నలపకండి, మధ్యలో గుంట పడి వెంట్రుకలు చుట్టూ విరుగుతాయి. మీ నీళ్ళు కఠినమైనవైతే సబ్బు మడ్డి మొదళ్ళలో పేరుకుంటుంది, అప్పుడప్పుడు వెనిగర్ కలిపిన నీళ్ళలో కొన్ని నిమిషాలు ముంచి కడగండి.

తడిగడ్డం:
వేలాడదీసి ఆరబెట్టాలా, నిలబెట్టా?

కుచ్చుచూపు:
ముందు నీళ్ళు బాగా విదిలించండి. ఆ తర్వాత ఎలా పెట్టినా గాలి తగిలితే చాలు, స్టాండ్ కొనక్కర్లేదు.