చెక్క నేల మీద కొత్త కోటు పొరలుగా లేస్తే మొత్తం గీకించాలా? ఖర్చు ఎవరిది?

కాలవగట్టు:
అమలాపురం పక్కన ఓ పాత మేడ. పైగది 300 చదరపు అడుగులు, టేకు బల్లల నేల. పాత పాలిష్ మీదే రెండు కోట్లు పీయూ (పాలీయురేథేన్ అనే గట్టి పాలిష్) కొట్టారు. ఆరు వారాలు తిరక్కుండా కిటికీ పక్కనా, గుమ్మం దగ్గరా పొర ఉల్లిపొట్టులా లేస్తోంది. లేచినచోట రుద్ది ఇంకో కోటు వేస్తానంటారు మేస్త్రి గారు. మొత్తం గీకి మళ్లీ చెయ్యాలి, పైసా ఇవ్వనంటారు ఇంటాయన. సరుకుతో సహా గుత్తకి ఒప్పుకున్న పని. ఎవరి మాట సబబండీ?

బల్లచెక్క:
మొత్తం గీకించాల్సిందే. కింద పొర పట్టులేనప్పుడు పైన ఎన్ని కోట్లు వేసినా దాంతోపాటే లేచిపోతాయి. కిటికీ దగ్గర ఇవాళ లేచింది, రేపు మంచం కింద లేస్తుంది.

చిత్రిక:
అంత తొందర వద్దండి. ముందు ఊడిన పెచ్చుని తిరగేసి వెలుతురులో చూడండి. అడుగు వైపు అద్దంలా నున్నగా ఉంటే పాత పాలిష్‌ని గరుకు చెయ్యకుండానో, దాని మీద మైనం ఉండగానో కొట్టారన్నమాట. చెక్క పీచు అంటుకుని వస్తే తప్పు చెక్క దగ్గరే ఉంది: తేమో, టేకు నూనో. పొడి అంటుకుని వస్తే రుద్దాక దుమ్ము సరిగా తియ్యలేదు.

తర్వాత ఊడని చోట, గది మధ్యలో, కొత్త బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంలో నిలువు ఆరు గీతలు, అడ్డం ఆరు గీతలు గియ్యండి. టేపు గట్టిగా నొక్కి ఒక్క లాగు లాగండి. గళ్లు నిలిచాయా, ఆ భాగాన్ని గీకక్కర్లేదు. టేపుతో వచ్చేశాయా, బల్లచెక్క గారి మాటే ఖాయం.

పాత బల్లని మెషిన్ పెట్టి మొత్తం అరగదీస్తే ఒక్కోసారి మిల్లీమీటరు దాకా పోతుంది. మేకు తలల్ని ముందే 2, 3 మిల్లీమీటర్లు లోపలికి దింపకపోతే మెషిన్ గరుకు కాగితం చిరిగి బల్లకి చారలు పడతాయి. అవసరం లేకుండా ఆ పని చేయిస్తే నేల ఆయుష్షు తగ్గించుకోవడమే.

లంకగాలి:
మన ప్రాంతపు తేమని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. రెండు డబ్బాల పీయూలో హార్డెనర్ (గట్టిపడటానికి కలిపే రెండో డబ్బా ద్రవం) నీటితో కలిస్తే గ్యాసు పుడుతుంది. ముసురులో కొడితే ఆ గ్యాసు పొరలో చిక్కుకుని సూదిమొన బుడగలు వస్తాయి. మెలమైన్, లక్కర్ లాంటి వేరే రకం పాలిష్‌లైతే పాలలా తెల్లబడతాయి. చెక్కలో తేమ మీటరుతో కొలవాలి: 12 శాతం లోపుంటే కొట్టొచ్చు, 15 దాటితే ఆపెయ్యాలి. పుష్యమాసంలో పొద్దున్నే మంచు దిగినప్పుడు కిటికీలు తెరిచి కోటు వేసినా ఇబ్బందే. పది దాటాక మొదలెట్టి మూడింటికల్లా ముగించాలి.

బల్లచెక్క:
తేమ మీదకి తోసేసి మేస్త్రిని గట్టెక్కించకండి. లీటరుకి ఒక కోటు 80 నుంచి 100 చదరపు అడుగులు వస్తుంది. ఈ గదికి కోటుకి 3 లీటర్ల పైమాటే, రెండు కోట్లకి 6, 7 లీటర్లు. బిల్లులో 4 లీటర్లే ఉంటే థిన్నర్ ఎక్కువ కలిపి సాగదీసినట్టే. మొదటి కోటుకీ రెండో కోటుకీ ఎంత ఎడం ఇచ్చారో కూడా అడగండి. డబ్బా మీద రాసిన గడువు దాటితే 320 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాకే రెండోది వెయ్యాలి.

కాలవగట్టు:
చూశామండి. పెచ్చు అడుగు నున్నగా ఉంది. గది మధ్యలో గళ్లు అలాగే నిలిచాయి. డబ్బాలు 7 లీటర్లకి సరిపోయాయి.

చిత్రిక:
అయితే మైనం అనుమానమే. పాత పాలిష్ బయటపడ్డ చోట రెండు నీటి బొట్లు వేసి పది నిమిషాలు ఆగండి. బొట్టు కింద తెల్లగా మచ్చ పడితే మైనం ఉన్నట్టు.

కాలవగట్టు:
తెల్లబడింది. పండగలకి ఇంట్లోవాళ్లు గుమ్మం దగ్గరా, కిటికీ పక్కనా మెరుపు కోసం మైనం పూసేవారట. ఆ సంగతి మేస్త్రికి చెప్పలేదు.

చిత్రిక:
చెప్పనప్పుడు మొత్తం ఖర్చు మేస్త్రి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. సరుకు ఇంటాయనది, కూలి మేస్త్రిది.

బల్లచెక్క:
ఒప్పుకోను. ఆ నీటి బొట్టు పరీక్షకి పది నిమిషాలు. పాత పాలిష్ మీద గుత్తకి పని ఒప్పుకున్న మనిషి అది చెయ్యాలి, “దీని మీద ఏం పూశారు?” అని అడగాలి. అడిగినా దాచిపెడితే అప్పుడు ఇంటాయనది తప్పు. ఇక్కడ అసలు అడగనే లేదు కదా.

లంకగాలి:
ఖర్చు సంగతి ఎలా తేలినా పని మాత్రం ఇలా చెయ్యండి. లేచినచోట మైనం తియ్యకుండా రుద్దకూడదు, రుద్దితే వేడికి కరిగి నారలోకి దిగుతుంది. ముందు లేస్తున్న పొరని రేకుతో గీకెయ్యాలి. టర్పెంటైన్‌తో తుడవాలి. గుడ్డ మురికైనప్పుడల్లా మార్చాలి, తెల్ల గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ఒక రాత్రి ఆరనిచ్చి 120 నంబరు కాగితంతో, తర్వాత 180తో రుద్దాలి. గీకే హద్దు బల్ల మధ్యలో ఆగకూడదు, బల్ల అంచు దాకా వెళ్లాలి. ఆ భాగానికి ఒక కోటు, ఆరాక గదంతా 220తో మెరుపు పోయేలా రుద్ది ఆఖరి కోటు. లేకపోతే అతుకు మెరుపులో తేడా కనిపిస్తుంది. ముందుగా ఓ మూల రెండడుగుల చదరం చేసి, వారం తర్వాత అదే బ్లేడు పరీక్ష పెట్టండి.

బల్లచెక్క:
దీనికి ముందు కాగితం మీద రాసుకోండి: ఏ భాగం, ఎన్ని కోట్లు, ఏ డబ్బా, బ్యాచ్ నంబరు. 15 శాతం డబ్బు ఒక నెల ఆపి ఇవ్వండి. ఫొటోలు తేదీతో ఉంచండి. మాట కుదరకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు, ఆపైన 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వెయ్యాలి. ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

కాలవగట్టు:
మూల చదరం ఈ వారమే చేయిస్తున్నాం. టర్పెంటైన్, గుడ్డల ఖర్చు ఇంటాయన పెట్టుకుంటానన్నారు. పీయూ డబ్బాల దగ్గరే ఇద్దరికీ ఇంకా కుదరలేదు.