అప్‌డేట్: కమిన్స్ ట్రక్కులో గేజ్‌లు బిగించేశాను

టెక్సస్‌లో ట్రైలర్ లాగే నా 2006 డాడ్జ్ రామ్ 2500కి (5.9 లీటర్ కమిన్స్ డీజిల్ ఇంజిన్) ఎగ్జాస్ట్ వేడి చూపే పైరోమీటర్ ప్రోబ్‌ని టర్బోకి (ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) ముందు పెట్టాలా, తర్వాతా అని అడిగాను కదా. ముందే పెట్టాను. లోడ్ మీద ఉన్నప్పుడు టర్బో దాటేసరికి వేడి రెండు మూడు వందల డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిపోతుంది, ఆ తేడా కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. పిస్టన్ల మీద ఎంత వేడి పడుతోందో తెలియాలంటే ఇంజిన్ నుంచి ఎగ్జాస్ట్ టర్బోకి వెళ్లే మానిఫోల్డ్‌లోనే కొలవాలి.

అసలు టెన్షన్ అంతా ప్రోబ్ కోసం మానిఫోల్డ్‌కి కన్నం వేసే డ్రిల్లింగ్ దగ్గరే. ఇనుప రజను టర్బైన్ రెక్కల్లోకి పోతే అంతే సంగతులు. కొందరు బిట్‌కి గ్రీజు పూసి టర్బో విప్పకుండానే కానిచ్చేస్తారు. నాకు మనసొప్పలేదు. టర్బో విప్పి, కన్నం వేసి, 1/8 ఎన్‌పీటీ (పైపు మరల కొలత) మర తీసి, అయస్కాంతంతో, వాక్యూమ్‌తో లోపలంతా శుభ్రం చేశాకే కొత్త గాస్కెట్ వేసి బిగించాను.

ప్రోబ్ వైరు బాగా మిగిలింది. అది థర్మోకపుల్ వైరు (వేడిని కొలిచే రెండు వేర్వేరు లోహాల తీగలు), మామూలు రాగి వైరుతో అతికితే రీడింగ్ తప్పుతుంది కాబట్టి కోయకుండా డాష్ వెనక చుట్టి కట్టాను. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ గేజ్‌లు సులువుగానే అయిపోయాయి.

ఇప్పుడు లోడ్‌తో ఎత్తు ఎక్కుతూ పైరోమీటర్ 1250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరపడితే గేర్ తగ్గించి, యాక్సిలరేటర్ వదులుతున్నాను. 400 కిందికి దిగాకే ఇంజిన్ ఆపుతున్నాను. ఓపిగ్గా సలహాలిచ్చిన అన్నలందరికీ చాలా థాంక్స్.