తల్లిదండ్రులు అన్నీ వింటున్నారు, ఇంటికెళ్ళాక మాత్రం ఏమీ మారట్లేదు. పరిశోధన ఏమంటోంది?

వెన్నెలదారి:
అందరికీ నమస్కారం. చిన్నపిల్లలున్న కుటుంబాలతో పనిచేసే ఒక సంస్థలో ఉన్నాను. కొట్టొద్దు, అరవొద్దు, పిల్లలతో కాసేపు గడపండి అని తల్లిదండ్రులకు చెప్తుంటాం. శ్రద్ధగా వింటారు, కొందరు రాసుకుంటారు కూడా. మళ్ళీ కలిసినప్పుడు "తెలుసు మేడం, కానీ వాడు గోల మొదలుపెడితే నా వల్ల కావట్లేదు" అంటారు. వాళ్ళకు ప్రేమ లేక కాదు. కఠినమైన పెంపకం, గారాబం పెంపకం అంటూ రకాలు నేనూ చదివాను. సాయంత్రం అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషికి, ఎదురుగా కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్న పిల్లాడు ఉన్నప్పుడు, అవి ఎలా పనికొస్తాయి? ఈ పని చేసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

గోరువంక:
ఆ రకాలు డయానా బామ్‌రిండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960లలో చేసిన పని నుంచి వచ్చినవి. ప్రేమగా ఉంటూనే హద్దుల దగ్గర గట్టిగా నిలబడే ఇళ్ళలో పిల్లలు బాగుంటారని చెప్తాయి, అక్కడికి చేరే దారి చెప్పవు. మీకు కావాల్సింది అమెరికాలోని ఆరెగన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త బృందం చేసిన పని. వాళ్ళు ఇళ్ళకే వెళ్ళి కూర్చుని, ఎవరు ఏమన్నారు, వెంటనే అవతలివాళ్ళు ఏం చేశారు అని వరసగా రాసుకున్నారు. తేలింది ఏంటంటే, అమ్మ ఫోన్ ఇచ్చెయ్యమంటుంది, పిల్లాడు అరుస్తాడు, ఆవిడ ఇంకా గట్టిగా అరుస్తుంది, వాడు ఫోన్ విసిరికొట్టబోతాడు, "సరే, ఇంకాసేపు చూసుకో" అని వదిలేస్తుంది. గోల ఆగిపోతుంది. అరిస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నాడు, వదిలేస్తే ప్రశాంతంగా ఉంటుందని ఆవిడా నేర్చుకుంది. ఇంకోసారి ఒక దెబ్బ వేస్తే వాడు ఠక్కున ఆగుతాడు, దాంతో కొడితేనే వింటాడని ఆవిడకు గట్టి నమ్మకం కుదురుతుంది. ఇది రోజూ జరిగే చోట గంటసేపు చెప్పిన మంచిమాటలు ఎలా నిలబడతాయండీ?

అందుకే చెప్పడం తగ్గించి చేయించండి. 2008లో కమిన్‌స్కీ బృందం ఇలాంటి శిక్షణల మీద వచ్చిన 77 అధ్యయనాలను కలిపి చూసింది. మంచి ఫలితాలతో కలిసి కనిపించిన వాటిలో ముఖ్యమైనది, తల్లిదండ్రులు శిక్షణ జరిగేచోటే తమ సొంత బిడ్డతో సాధన చేయడం. షీలా ఐబర్గ్ 1970లలో రూపొందించిన పద్ధతి అచ్చంగా ఇదే, తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే థెరపిస్టు ఒకవైపు నుంచే కనిపించే అద్దం అవతల నుంచి ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అప్పటికప్పుడు చెప్తుంటారు.

ఇద్దరి_నాన్న:
గోరువంక గారు చెప్పిన ఇయర్‌ఫోన్ పద్ధతిలో మేమిద్దరం శిక్షణ తీసుకున్నాం. రోజూ అయిదు నిమిషాలు, ఆట వాడిష్టం. మనం పనులు పురమాయించకూడదు, ప్రశ్నలు అడగకూడదు, తప్పులు దిద్దకూడదు. కింద కూర్చోగానే నోట్లోంచి వచ్చేవి అవే, "ఇదేం రంగు? అక్కడెందుకు పెట్టావు?" అని. అవి ఆపుకుని "ఎర్రది పైన పెట్టావు", "పడిపోకుండా ఎంత మెల్లగా పెట్టావో" అనడానికి నాకు చాలా సాధన పట్టింది. ఒక్క "గుడ్" అని సరిపెట్టకుండా ఏం బాగా చేశాడో విడమరిచి చెప్పడం వల్ల వాడిలో వచ్చిన మార్పు నేను కళ్ళారా చూశాను.

ఇంకొకటి మీ వాళ్ళకు తప్పకుండా ముందే చెప్పండి. గోలకు లొంగడం ఆపగానే గోల తగ్గదు, మొదట పెరుగుతుంది. ఇన్నాళ్ళూ పనిచేసిన అరుపు పనిచేయట్లేదు కాబట్టి ఇంకా గట్టిగా అరిచి చూస్తారు. ఆ సంగతి తెలియకపోతే "ఇది మా పిల్లాడికి పనికిరాదు" అని సరిగ్గా అప్పుడే వదిలేస్తారు, అప్పుడు లొంగితే ఆ పెద్ద అరుపే అలవాటవుతుంది.

తూనికరాయి:
పై మాటలతో ఏకీభవిస్తాను గానీ ఒక జాగ్రత్త. అరిచే తల్లిదండ్రుల పిల్లలు మొండిగా ఉన్నారని ఒక సర్వేలో కనబడితే, అరవడం వల్ల మొండితనం వచ్చిందో, మొండి పిల్లల వల్ల అరుపులు వచ్చాయో దాంతో తేలదు. పుట్టుకతోనే సర్దుకుపోలేని పిల్లలుంటారు, వాళ్ళ అమ్మానాన్నలను దోషుల్లా నిలబెట్టకండి. లాటరీ వేసినట్టు కొన్ని కుటుంబాలకు సాయం ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా పోల్చిన అధ్యయనాలను ఎక్కువ నమ్మండి. జమైకాలో 1986-87లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం మొదలుపెట్టింది అలాంటిదే. ఎదుగుదల సరిగ్గా లేని 129 మంది పసిపిల్లల్లో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారం వారం, రెండేళ్ళపాటు వెళ్ళి, ఇంట్లో చేసుకున్న బొమ్మలతోనే పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. దాదాపు 20 ఏళ్ళ తర్వాత, ఆ సాయం అందని వాళ్ళకంటే వీళ్ళ సంపాదన 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో ప్రచురించారు.

వెన్నెలదారి:
చాలా థాంక్సండీ. కానీ మా దగ్గర అద్దాల గది లేదు, ఇంటింటికీ వెళ్ళేంత మంది కూడా లేరు. గుంపుగా కూర్చోబెట్టి చేస్తే పనికొస్తుందా?

గోరువంక:
పనికొస్తుంది. పరిశోధకులు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌లతో కలిసి 'పేరెంటింగ్ ఫర్ లైఫ్‌లాంగ్ హెల్త్' అని తక్కువ డబ్బుతో నడిపే కార్యక్రమాలు తయారుచేశారు, వాటి పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. అందులో ఒకరు పిల్లాడిగా, ఒకరు తల్లిగా నటించి చూస్తారు, ఇంటికెళ్ళి చేస్తారు, తర్వాతి వారం ఎక్కడ కుదరలేదో మాట్లాడుకుంటారు. "ఎందుకు చేయలేదు?" అని అడగకండి, "ఏం అడ్డొచ్చింది?" అని అడగండి. నిద్రలేమో, డబ్బు టెన్షనో, భర్తతో గొడవో బయటికొస్తుంది. ఏ తల్లయినా బాగా దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా కనిపిస్తే ఆటల సంగతి తర్వాత, ముందు ఆమెను డాక్టరు దగ్గరికి పంపండి.